అమ్మ ల్యాప్‌టాప్ బాగుపడింది

రాగసుధా, నేను కులాసా.

అమ్మ పోయాక ఆమె ల్యాప్‌టాప్ మొరాయిస్తోందని దిగులుపడ్డావుగా, బాగుచేశాను. ఫ్యాను హోరెత్తిపోయి, అమ్మ రికార్డు చేసిన పాఠం తెరుచుకోకముందే వేడెక్కి ఆగిపోయేది. గుంటూరు షాపతను "దీని పనైపోయిందండీ, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. ఇంటికి తెచ్చి నేనే మూత విప్పాను. ఫ్యాను నిండా మిరప దుమ్ము. అమ్మ కళ్లంలో కాయలకు కాపలా కూర్చునే బడిపిల్లలకు పాఠాలు రికార్డు చేసేది కదా. బ్రష్షుతో దులిపితే ఇంటిల్లిపాదికీ తుమ్ములే.

"ఏం అన్నయ్యా, కారం దీంట్లోనే పట్టించావా?" అంది సుబ్బరావమ్మ అత్త.

ఇప్పుడు చప్పుడు లేదు. భిన్నాల పాఠం చివరిదాకా విన్నాను. పాఠం మధ్యలో అమ్మ "ఏమండీ, గేదె వస్తోంది, తోలండి" అని నన్ను కేకేసింది.

మొన్న పంపిన పచ్చడి సరిపోయిందా? వచ్చేటప్పుడు పెన్‌డ్రైవ్ తీసుకురా. పాఠాలన్నీ ఇస్తాను, ఆ కేక మాత్రం కత్తిరించవద్దు. అల్లుడుగారికి, నీకు ఆశీస్సులు.

నాన్న
నల్లపాడు