ద్రాక్షరసం పొంగిన వారం

ఫిబ్రవరి 23, సోమవారం
ల్యాబ్‌లో రీడింగ్ సరిగ్గా వచ్చింది. మూడోసారికి! మేడం "ఇప్పటికి కుదిరింది కదమ్మా" అని ఒక ఫారం చేతిలో పెట్టింది. బీరు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో నెల రోజుల ట్రైనింగ్. క్లాసు మొత్తంలో ఇద్దరమే. ఎగిరి గంతేయబోయి అడుగున చూశాను — తండ్రి సంతకం. వచ్చే బుధవారం లోపల.

నాయన సంతకం... ఆయన పాస్టరు. సత్యవేడు చుట్టుపక్కల ఊళ్ళలో తాగుడు మాన్పించడమే ఆయన సేవలో సగం. నేను తిరుపతిలో ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ అని తెలుసు. అందులో ఎంచుకున్న పేపరు బ్రూయింగ్ అని, అంటే బీరు కాచే శాస్త్రమని, తెలియదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అబద్ధమైతే కాదు కదా అని ఏడాదిగా నాకు నేనే చెప్పుకుంటున్నా.

ఫిబ్రవరి 24
ఫోన్ తీశాను. పెట్టేశాను.

ఫిబ్రవరి 25
మళ్ళీ అంతే. రూమ్మేట్ గిరిజ — "మీ నాయన నిన్నేం కొరుక్కోని తినడు లేమ్మే." దానికేం తెలుసు. అరిస్తే పడొచ్చు. అరవడు. అన్నం ముందు నుంచి లేచిపోతాడు.

ఫిబ్రవరి 27, శుక్రవారం
పొద్దున్నే అమ్మ ఫోను. గొంతు బాగా తగ్గించి.

"పాపా, సీసాలు పొంగతా ఉండాయి."

ఆదివారం చర్చిలో ప్రభువు బల్లకి కాచి పెట్టిన ద్రాక్షరసం. నెలకోసారి సంఘమంతా చిన్న గ్లాసులో గుక్కెడు తాగేది. ఫ్రిజ్ చెడిపోయి వారమైందట. ఒక మూత ఎగిరి గోడకి కొట్టుకుందట. నాయన వాసన చూసి, సీసా కింద పెట్టి, అప్పట్నుంచి నోరు తెరవలేదట.

"అదే వాసన పాపా. బ్రాందీ అంగడి ముందర వస్తాదే, అదే."

మొదట నవ్వొచ్చింది. అంతలో ఇశ్రాయేలన్న గుర్తొచ్చాడు. నవ్వు పోయింది. పోయిన ఏడాదే తాగుడు మానేశాడు. నాయన నెల రోజులు వాళ్ళ తిన్నె మీద పడుకుని మాన్పించాడు. ఒక్క గుక్క పడినా మళ్ళీ మొదలవుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎల్లుండి ఆ గ్లాసు అందించేది నాయన చెయ్యే.

మధ్యాహ్నం బస్సెక్కేశాను. తువ్వాల్లో చుట్టి థర్మామీటరు, హైడ్రోమీటరు. పక్క సీటు ముసలామె — "ఏందమ్మా అది, పసిబిడ్డ మాదిరి పట్టుకోనుండావు?"

ఫిబ్రవరి 28, శనివారం
అమ్మని ఒక్కొక్కటే అడిగాను. రసం కాచిందా? కాచింది. సీసాలు ఉడకబెట్టిందా? పెట్టింది. మరి?

"కాస్తే రంగు పోతాది గదా. పైన గలాసుడు పచ్చిరసం పిండి పోసినా."

దొరికాడు దొంగ! రసాన్ని పులియబెట్టే ఈస్ట్ ఉండేదే ద్రాక్ష తొక్క మీద. కాచిన తియ్యటి రసంలో పడితే దానికి పెళ్ళి భోజనమే.

"ఎప్పుడూ పోస్తానే!" — అమ్మ ఏడుపు మొహం. ఫ్రిజ్ చల్లగా ఉన్నన్నాళ్ళూ అది ఊరకే పడుంది, అంతే.

హైడ్రోమీటరు వేశాను. తీపి ఉంటే పైకి తేలాలి. బుడుంగున మునిగింది, తీపంతా ఆల్కహాల్ అయిపోయింది. నాయన వాకిట్లో నిలబడి చూస్తున్నాడు.

"ఎంతుండాది?"

"బీరంత ఉండాది నాయనా."

"బీరెంతుంటాదో నీకెట్ల తెలుసు?"

అయిపోయింది. ఇంక ఆగలేదు నేను — పేపరు, ల్యాబు, ఫ్యాక్టరీ, సంతకం, అన్నీ కక్కేశాను. ఏడ్చాను కూడా, చిన్నపిల్లలా, ముక్కు చీదుకుంటూ.

నాయన లోపలికొచ్చి సీసా ఒకటి ఎత్తి మళ్ళీ వాసన చూశాడు. తర్వాత —

"పోయిన నెల ఇశ్రాయేలుకి నేనిచ్చింది గూడా... ఇట్లాంటిదేనా?"

రెండు రోజులుగా ఆయన్ని తినేస్తున్నది అది. నేను కాదు.

"లేదు నాయనా. అప్పుడు కాచిన మర్నాడే గదా ఇచ్చింది. ఫ్రిజ్‌లో ఉండింది. ఏమీ అయ్యుండదు."

కుర్చీలో కూలబడ్డాడు. "స్తోత్రం." నాకూ అప్పుడే ఊపిరాడింది.

"సరే. పొంగకుండా ఎట్ల జెయ్యల్లో సెప్పు."

పాతవన్నీ పెరట్లో పారబోసి కొత్త ద్రాక్షపండ్లు తెచ్చాం. సాయంత్రం దాకా ముగ్గురమూ పొయ్యి దగ్గరే. పచ్చిరసం బంద్. డెబ్బై డిగ్రీల దగ్గర అరగంట, వేడిగా ఉండగానే సీసా మెడ దాకా పోసి మూత. థర్మామీటరు నాయన వదిలితేనా! "డెబ్బై రెండు! మంట తగ్గించు!" అని ఒకటే అరుపులు. అమ్మ — "ఇన్నేండ్లు నేను కాయలేదా? ఇప్పుడొచ్చినారు తండ్రీబిడ్డా." అన్నం దగ్గర నాయన చారు రెండోసారి పోయించుకున్నాడు.

మార్చి 1, ఆదివారం
ఇశ్రాయేలన్న గ్లాసు ఎత్తాడు. నాయన కళ్ళు ఆయన గొంతు మీదే. తాగాడు. మూతి తుడుచుకున్నాడు. "ఈసారి బాగ తియ్యగుండాది అయ్యగారూ." అబ్బా... ప్రాణం లేచొచ్చింది.

చర్చి బయట చెప్పుల దగ్గర నాయనే ఆయనకి అంతా చెప్పేశాడు, సీసాలు పొంగింది, నేను సరిచేసింది. "మా పాప బీరు సదువు సదవతా ఉండాది," అన్నాడు నవ్వలేక నవ్వుతూ. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. ఇశ్రాయేలన్న నవ్వలేదు.

బస్టాండులో ఫారం తీశాను. నాయన మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సంతకం పెట్టేది ఎంతసేపు పాపా. రేపు వాని మొహం సూడల్ల గదా నేను. ఇశ్రాయేలుని అడిగి పెడతా. వాడొద్దంటే పెట్టను."

పెడితే ఫోటో తీసి పంపిస్తాడట. కోపం రావాలి. రాలేదు. ఏడాది బరువు దిగిపోయింది. బస్సులో తిరుపతి దాకా ఒళ్ళు తెలియని నిద్ర.

మార్చి 2
ఏమీ రాలేదు. అయినా హాయిగానే ఉంది, విచిత్రం. రెండు ప్లేట్లు బోండాలు తిన్నాను.

మార్చి 3, మంగళవారం
రేపే ఆఖరు. మధ్యాహ్నం కొత్త నంబరు — ఇశ్రాయేలన్న. మామిడి తోటలో పనిలో ఉన్నాడు, వెనక మోటారు చప్పుడు.

"పాపా, అయ్యగారు అడిగినారు. నేనింకా ఏం సెప్పలేదు. ముందు నిన్నొకటి అడగల్ల. ఆడ నువ్వు దాన్ని నోట్లో పోసుకోని సూడల్లనా?"

లేదు అనేయొచ్చు. ఎవరికి తెలుస్తుంది.

"సూడల్లన్నా. రుచి సూసేది గూడా పనే."

మోటారు చప్పుడు.

"నేను గూడా రుచి సూద్దామనే మొదులుపెట్టినా పాపా." మోటారు ఆపి — "సరే. సాయంత్రం అయ్యగారి కాడికి పోతా." పెట్టేశాడు.

ఏం చెప్తావన్నా అని అడగలేదు. ఆ ట్రైనింగ్ నాకు కావాలి. చాలా కావాలి. ఆయన వద్దంటే మాత్రం తప్పుపట్టలేను. దాచిపెట్టింది ఏమీ లేదు ఇంక, అదొక్కటే నిమ్మళం.

ఆరున్నర. ఈపాటికి మా ఇంటి గేటు తీసుంటాడు.