నా చావును శనివారానికి జరపవద్దు

నేను, ఉమాశ్రీ, వయసు యాభై ఆరు, కీర్తిశేషులు ఓబులేసు గారి భార్యను, జూనియర్ కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పేదాన్ని, పత్రికల్లో వ్యాసాలు రాసి సగం బంధువర్గాన్ని పోగొట్టుకున్నదాన్ని, నివాసం గచ్చిబౌలి, స్వస్థచిత్తంతో, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, స్వహస్తాలతో రాసుకుంటున్న వీలునామా ఇది. వచ్చే సోమవారం నాకు గుండె ఆపరేషన్. స్వస్థచిత్తం అన్నాను గాని ప్రశాంతచిత్తం అనలేదు. కోపంతోనే రాస్తున్నాను. కోపం మతిభ్రమణం కాదని చట్టానికి కూడా తెలుసు.

నా ఏకైక కుమారుడు వినయ్ నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగి. మొన్న వేసవిలో ఆఫీసు లిఫ్టులో స్పృహ తప్పి పడ్డాడు. ఒక చేతికి సెలైన్ ఎక్కుతుంటే రెండో చేత్తో టైపు చేశాడు. ఇలాగే సాగితే నలభై చూడవని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. వాడు తలూపి, ఆమె బయటికి వెళ్లగానే ఆఫీసు కాల్‌లో చేరాడు. కాబట్టి ఈ వీలునామా ముఖ్యోద్దేశం వాడికి ఆస్తి ఇవ్వడం కాదు. వాణ్ణి వాడి కూతురికి ఇవ్వడం.

1. ఈ వీలునామా అమలుకు నా స్నేహితురాలు, అడ్వకేట్ రజితను కార్యనిర్వాహకురాలిగా నియమిస్తున్నాను. కొడుకుండగా బయటివాళ్లెందుకని అడిగేవారికి జవాబు: నా ఆపరేషన్ తేదీని వినయ్ మా అందరికీ క్యాలెండర్ ఇన్విటేషన్‌గా పంపాడు. అందులో తనూ, కోడలు తేజస్వినీ తప్పనిసరిగా రావలసినవాళ్లు. నా పేరు ఎదురుగా ఆప్షనల్ అని ఉంది. కోసేది నా గుండె. అడిగితే, "డిఫాల్ట్‌గా అట్లా పడిందమ్మా, పట్టించుకోకు" అన్నాడు.

2. హాల్లో నా భర్త ఫోటో పక్కన తగిలించిన ప్రశంసాపత్రాన్ని, ఫ్రేముతో సహా, వినయ్ మేనేజరు శ్యామ్‌కు వాపసు ఇవ్వవలెను. దాని చరిత్ర ఇది. ఓబులేసు పోయిన పదకొండో రోజు గురువారం పడింది. "బ్రో, సాటర్డే పెట్టుకుంటే రిలీజ్ కూడా అయిపోతది, నేను కూడా వస్తా కదా" అన్నాడు శ్యామ్. పెద్దకర్మ శనివారానికి జరిగింది. పురోహితుడు అందుకూ ఒక శాస్త్రం చూపించాడు. వాళ్ల సాఫ్ట్‌వేర్ రిలీజ్ కూడా శనివారానికే జరిగింది. వినయ్ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పిండం పెట్టాడు, మైకు ఆపడం మరిచాడు. మంత్రాలన్నీ కాల్‌లో ఉన్నవాళ్లు విన్నారు. సిగ్గుతో ఎవరైనా ఫోన్ పెట్టేస్తారనుకుంటాం. పెట్టలేదు. తండ్రి కర్మ నాడు కూడా కాల్ వదలని నిబద్ధత అని పొగిడి ఈ కాగితం ఇచ్చారు. శ్యామ్ భోజనానికి వచ్చి గారెలు బాగున్నాయన్నాడు.

3. నా మరిది వెంకట్‌కు నా వ్యాసాల సంపుటి, సంతకం చేసి. వినయ్ పెళ్లిలో ఆయన నలుగురి ముందు, "ఎనిమిది గంటల పని కాంగనే లేచేటోడు అటెండరు గాక ఇంగేమైతాడు వదినా" అన్నాడు. ఆయన సొంత అన్న ఓబులేసు జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఎనిమిది గంటలే చేశాడు. ఆ ఎనిమిది గంటల కోసం ఎవరెవరు దెబ్బలు తిన్నారో మూడో వ్యాసంలో ఉంది. ఆ ఫ్యాక్టరీ మందుల ఘాటు నా భర్త ఊపిరితిత్తులను తిన్న మాట నిజం. సాయంత్రాలను తినలేకపోయింది. ఆ గేటు ముందు యూనియన్ ఉండేది. ఇప్పటి అద్దాల మేడల్లో పనికీ జీవితానికీ సమతౌల్యం అని పోస్టరు ఉంటుంది. తక్కెడ పట్టుకున్నవాడే తూకం మీద ఉపన్యాసమిస్తే కూరగాయల బజారులో ఎవరూ నమ్మరు. ఇంత చదువుకున్న పిల్లలు నమ్ముతున్నారు.

4. ఓబులేసు క్యారమ్ బోర్డు, స్ట్రైకరుతో సహా, మనవరాలు రసజ్ఞకు. ఎరుపు కాయ పోయింది, చొక్కా గుండీ వాడుకోవచ్చు. ఎదురుగా మనిషి కూర్చోకుండా ఆడగలిగే ఆట కాదది. ఆ మనిషి ఎవరో ఇక్కడ పేరు పెట్టి రాయను.

5. నా పడకగదిని తేజస్వినికి ఇస్తున్నాను. ఇంట్లో అందరికీ తలుపులున్నాయి, ఆమెకు మాత్రం వంటింటి గట్టు మీద లాప్‌టాప్, పక్కన కుక్కరు. "కూత పెట్టేలోపు చెప్పేస్తా అండి" అని ఆమె క్లయింటుతో అనడం విన్నాను. అమ్మా తేజూ, ఆ గదికి లోపలి గడియ ఉంది. మధ్యాహ్నం పూట వేసుకుని పడుకో. కారణం ఎవరికీ చెప్పనక్కర్లేదు.

6. నా దేహాన్ని వైద్య కళాశాలకు అప్పగించవలెను. పిండం, పురోహితుడు వద్దు. అయితే పదకొండు రోజులూ వినయ్ ఆఫీసు మాట లేకుండా ఇంట్లో ఉండవలెను. వాళ్ల కంపెనీ తల్లి చావుకు మూడు రోజులిస్తుంది. మిగతావి అడిగి తీసుకోవలెను, ఇవ్వకపోతే పోట్లాడవలెను. నేను ఏ వారం పోతే ఆ వారమే. శనివారానికి జరపరాదు. కర్మకాండ మీద నాకు నమ్మకం లేదు, సెలవు మీద ఉంది. ఆచారాలు కనిపెట్టినవాళ్లతో జీవితమంతా తగాదా పడ్డాను. అయినా మనిషి పోతే పని ఆపాలని వాళ్లకు తెలిసింది.

7. ఈ ఫ్లాటు, తేజస్వినికిచ్చిన గది మినహా, నా తదనంతరం, వినయ్‌కు సర్వహక్కులతో చెందవలెను. మొదట ఒక షరతు రాశాను: ఆ ఉద్యోగం వదిలితేనే ఇల్లు, లేదంటే ఉద్యోగుల సంఘానికి. రజిత చదివి, "అక్కా, గిట్ల రాస్తే రేపు కోర్టుల కొట్లాట అయితది. అయినా కొడుకును బెదిరించి ఇంటికి తెస్తవా? ఆ పని వాళ్ల మేనేజర్ చేస్తుండు కదా" అంది. వాదనలో ఓడిపోవడం నాకు అలవాటు లేదు. షరతు కొట్టేశాను. ఇల్లు ఊరికే ఇస్తున్నాను.

వినయ్, ఇంత పని ఎందుకురా అని ఎప్పుడు అడిగినా "అంతా నీ కోసమే కదమ్మా" అన్నావు. నా కోసం చేయమని నేను ఏనాడూ అడగలేదు. ఇప్పుడు నేను పోతున్నాను కనుక ఆ సాకు చెప్పుకోవడానికి నీకు ఒక మనిషి తగ్గింది. దాన్ని రసజ్ఞ మీదికి బదిలీ చేసే హక్కు ఈ వీలునామా నీకు ఇవ్వడం లేదు. ఆపరేషన్ తర్వాత నేను బతికితే ఇదంతా రద్దు చేసి మళ్లీ రాస్తాను. ఈ ఒక్క పేరా మాత్రం మార్చను.

చదువుకుని, సరిగా ఉందని నిర్ధారించుకుని, దిగువ సాక్షుల ఎదుట సంతకం చేశాను.

గచ్చిబౌలి, గురువారం, 9 అక్టోబర్ 2025.

(సం.) ఉమాశ్రీ

సాక్షులు:
1. చంద్రమ్మ, విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు, ఎదురు ఫ్లాటు.
2. సురేష్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పై అంతస్తు. సంతకానికి సెలవు పెట్టి వచ్చాడు. కారణం ఏం రాశావని అడిగితే జ్వరమని రాశానన్నాడు.