ఇద్దరు సైదమ్మలు

మార్చి 3, 2025
నల్లగొండల మా ఆఫీసుకు ఏఐ అసిస్టెంట్ వచ్చింది. నేను దినమంత కూసొని రాసే కోడ్, చాయ్ తాగొచ్చేలోపల రాసి పెట్టింది. సంబురమైంది. జర భయం గూడ అయింది. మర్రిగూడ దిక్కు ఊర్లనుంచి డయాలసిస్ పేషెంట్లను దవాఖానకు తెచ్చే బండ్లు మా యాప్ మీదనే నడుస్తయి.

మార్చి 6
టీమ్ లీడ్ కృష్ణకాంత్ సార్‌ను అడిగిన. అది కోడ్ రాయనీ, బండ్లు నడిచే అసలు లిస్ట్, లైవ్ డేటాను మాత్రం ముట్టొద్దు, ఏది మార్చినా మనల ఒకరు చూసి ఓకే అనాలె అని. స్వరూపా, నువ్వే బ్రేకులేస్తే ఎట్లమ్మా, డెమో అయినంక చూద్దాం అన్నడు. పొద్దున నాతోని సై అన్న పక్క సీటు అమీర్ కీబోర్డ్ దిక్కు చూసుకుంట కూసున్నడు.

మార్చి 15
లిస్ట్‌ల రెండుసార్లు ఎక్కిన డూప్లికేట్ పేర్లు తీసెయ్యమని సార్ ఏఐకి చెప్పిండట. లిస్ట్ సాఫ్ అయిందని అందరికి మిఠాయి పంచిండు.

మార్చి 22, పొద్దున
మర్రిగూడ నుంచి ఎల్లేష్ అనే ఆయన ఫోన్ చేసిండు. వాళ్లమ్మ సైదమ్మకు వారంసంది డయాలసిస్ బండి వస్తలేదు. డ్రైవర్‌ను అడిగితే లిస్ట్‌ల పేరు లేదన్నడట. ఇయ్యాల వస్తది, రేపు వస్తది అని ఎల్లేష్ అమ్మను వాకిట్ల కూసోబెడుతున్నడు. ఇప్పుడు ఊపిరాడుతలేదంట.
చూసిన. ఆ ఊర్ల డయాలసిస్‌కు వచ్చే సైదమ్మలు ఇద్దరు. ఇద్దరి మొగుళ్ల పేరు గూడ పర్వతాలే. వయసు ఎవరో ఇద్దరికి అందాజగ అరవై అని రాసిన్రు. ఏఐ ఇద్దరిని ఒక్కరిని చేసి, ఎల్లేష్ వాళ్లమ్మ పేరు తీసేసింది.
బండి పంపిన. ఎల్లేష్ బండిల నుంచే మల్ల ఫోన్ చేసిండు. కోపం లేదు గొంతుల. మేడం, మా అమ్మ పేరు ఎవరు తీసేసిన్రు అని అడిగిండు.

మార్చి 24
సైదమ్మ సచ్చిపోయింది.

మార్చి 27
మీటింగ్. ఆమెకు ముందునుంచే సీరియస్, బండికీ దానికీ సంబంధం లేదు అన్నడు సార్. బండి ఎందుకు పోలేదో రిపోర్ట్‌ల రాద్దాం సార్ అన్న. ఆఖర్న సార్, రేపటిసంది ఏఐకి లైవ్ డేటా బంద్ అన్నడు. నేనడిగింది గదే. బాత్రూంల తలుపేసుకోని ఏడ్చిన.

మార్చి 30
సంతాపం ఉత్తరం అసిస్టెంట్‌తోని రాయించు, మంచిగ రాస్తది అన్నడు సార్. రాయించలే. బస్సెక్కి మర్రిగూడ పోయిన. జరిగిందంత ఎల్లేష్‌కు చెప్పిన. ఆయన ఇని, నీళ్లు తాగుతవా మేడం అన్నడు.

ఏప్రిల్ 1
రెండో సైదమ్మ బండి ఎక్కుతలేదంట. డ్రైవర్ ఫోన్ చేసిండు. ఆ సైదమ్మను ఇడిసిపెట్టి వచ్చిన బండి నాకొద్దు అంటున్నదట.