మొక్కు అత్తది, ఒక్కపొద్దు మామది

నగరి

చిరంజీవి తేజస్వినికి మామ దేవరాజులు దీవించి రాస్తున్నది. ఇక్కడ మీ అత్త కుప్పమ్మ క్షేమం, పవర్‌లూమ్ మగ్గాలు క్షేమం, నేనే అంతంత మాత్రం.

ఫోను చేయకుండా ఉత్తరమేమిటని అనుకోకు. ఈ మగ్గాల మోతలో ఫోను మాట్లాడాలంటే అరవాలి. అరిస్తే నా మనసు జబ్బు సంగతి వీధంతా తెలుస్తుంది.

చిత్తూరు డాక్టరు ఇచ్చిన మాత్ర నాకు పడటం లేదమ్మా. రెండు రోజులు బాగుంటాను, మూడో రోజు తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. పోయినేడు మూడు నెలలు మగ్గం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాను కదా. మళ్లీ అక్కడికే పోతానేమోనని భయంగా ఉంది. మాత్ర మానేద్దామనుకుంటున్నాను. మందుల షాపులో పనిచేసేదానివి, నువ్వే చెప్పు.

ఇట్లు
మామ

తా.క. ఈ ఉత్తరం శనివారమే రాయాల్సింది, ఒక్కపొద్దు నీరసంతో రాయలేకపోయాను. నాకు నయం కావాలని మీ అత్త మొక్కింది. మంగళ, శనివారాలు మధ్యాహ్నం ఒక్కసారే తిండి, రాత్రి ఖాళీ కడుపు. మొక్కు ఆమెది, ఒక్కపొద్దు నాది.

తిరుపతి

మామకు తేజస్విని నమస్కారాలు.

నీ అంతట నువ్వు మాత్ర ఆపొద్దు. అది మంచిది కాదు. అనుమానముంటే ఇంకొకరి అభిప్రాయం తీసుకుందాం. అందులో తప్పేమీ లేదు, చిత్తూరు డాక్టరు కూడా ఏమీ అనుకోరు.

నీ మేనకోడలు

తా.క. పోయినేడు ఎవరికీ చెప్పకుండా పడుకున్నావు. ఈసారి నాకు రాశావు. నాకదే ధైర్యం.

నగరి

తేజస్వినికి ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే ఇంకొకరి అభిప్రాయం తీసుకున్నాను. మగ్గాలు రిపేరు చేసే మురుగేష్‌ని అడిగాను. "రెండు దినాలు తిరిగి మూడో దినం నిలిచిపోతా ఉండాదంటే మోటారు చెడలేదప్పా. కరెంటే వచ్చి పోతా ఉండాది" అన్నాడు. అంటే నా తలలో వైరే లూజయిందన్నమాట. ఆ రోజంతా తల కదిలించకుండా కూర్చున్నాను.

మాత్ర మాత్రం మానలేదు. చీటీలో రాసినట్టు తు.చ. తప్పకుండా వేసుకుంటున్నాను.

మామ

తా.క. వైరు మాట విని మీ అత్త గురువారం కూడా కలిపింది.

తిరుపతి

మామా,

నేను చెప్పింది డాక్టరు అభిప్రాయం, మెకానిక్‌ది కాదు. సోమవారం పొద్దున చీటీ, మిగిలిన మాత్రల అట్టలు పట్టుకుని బస్సెక్కు. బస్టాండుకు వచ్చి నిన్ను ఇక్కడి మనసు జబ్బుల డాక్టర్ భవిత గారి దగ్గర దించి డ్యూటీకి పోతాను.

తేజస్విని

తా.క. అత్తను కూడా తీసుకురా. కొత్త మొక్కులు మొక్కకుండా రమ్మను.

నగరి

చిరంజీవి తేజస్వినికి,

సుఖంగా ఇల్లు చేరాము. నువ్వు డ్యూటీకి పోయాక లోపల జరిగింది విను.

డాక్టరమ్మ అట్టలు చూసి, ఈపాటికి అయిపోవలసిన మాత్రలు ఇన్ని ఎట్లా మిగిలాయని అడిగింది. నేను ఒక్కటి కూడా తప్పలేదన్నాను. మరి ఇవేమిటంది.

"రాత్రి తిన్నాక వేసుకోమని రాసినారు మేడం. తినని దినం ఎట్లా వేసుకునేది?" అన్నాను.

ఆమె పెన్ను కింద పెట్టి మీ అత్తవైపు చూసింది. మీ అత్త ఫ్యానువైపు చూసింది.

మందు సరైనదేనట. మార్చే పని లేదట. ఒక రోజు వేసుకుని ఒక రోజు మానితే తల అట్లాగే జివ్వుమంటుందట. ఒక్కపొద్దు రోజు గ్లాసుడు పాలు తాగి వేసుకోమంది, నెల తర్వాత మళ్లీ రమ్మంది. మురుగేష్ చెప్పింది అక్షరాలా నిజం, అర్థం కానిది నాకే.

బయటికి వచ్చాక మీ అత్త ఏడ్చింది. "నీ కోసరం మొక్కిందే నీకు అడ్డం పడిందే" అంది. నాకు మాత్రం నవ్వొచ్చింది. మందుకు లొంగని జబ్బేమోనని ఇన్నాళ్లూ లోపల వణికాను తల్లీ. కాదని తెలిశాక గుండె తేలికపడింది. ఈ రోజు పొద్దున పోగులు అతుకుతుంటే చేతులు వాటంతట అవే ఆడాయి.

నీ మామ
దేవరాజులు

తా.క. మొక్కు తప్పకూడదని ఇప్పుడు మూడు ఒక్కపొద్దులూ మీ అత్తే ఉంటోంది. ఆ రోజుల్లో ఆమె కోపం ముందు మగ్గాల మోత ఏ మూలకూ రాదు. మీ షాపులో ఆ కోపానికేమైనా మాత్ర ఉందేమో చూడు. తిన్నాక వేసుకునేది మాత్రం వద్దు.