మోటారుకు బదులు బల్బు

పోతిరెడ్డిపల్లి,
12 జూన్ 2001

బాలప్ప బావకు నమస్కారం.

నిన్న ఉదయం ఏడుంబావుకు, మీ చెల్లెలు సోమమ్మ చెయ్యి బోరు మోటారు బెల్టు మీద ఉండగా, మోటారును నడపడానికి నా కంప్యూటర్‌కు కలిపిన రిలే స్విచ్చు దానంతటదే ఆన్ అయింది. ఆమెకేమీ కాలేదు. మీరు చెప్పినట్టే ఎనిమిది రోజులుగా రిలేకు మోటారు కలపకుండా బల్బు పెట్టి చూస్తున్నాను. కరెంటు లేదు కదా అని ఆమె బెల్టు సరిచేస్తోంది. కరెంటు రాగానే కంప్యూటర్ లేచింది. నా ప్రోగ్రాం మొదలుకాకముందే బల్బు వెలిగింది.

"నీ డబ్బాకు నా చెయ్యి కావాల్నా? మా అన్న మాట ఇన్నవు గాబట్టి బతికిన," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇకపై కంప్యూటర్ మోటారును ఆపుతుంది, అంతే. మొదలుపెట్టడానికి చేత్తో నొక్కే స్టార్టరే ఉండాలి. ఆదివారం డ్యూటీ దిగి, పదింటికి మీరొచ్చి అది బిగించాలి. పీకేసిన మోటారు ఫ్యూజు అప్పటిదాకా సోమమ్మ దగ్గరే ఉంటుంది.

మీ బావ