పోయాడన్న మాట

పెదనాన్నా,

మీరు ఫోనెత్తడం లేదు, అందుకే ఈ ఉత్తరం సంఘం ఆఫీసు తలుపు కింద తోస్తున్నాను.

రేపు మనం వలస వచ్చిన ఈ దేశపు పార్లమెంటుకు మన సంఘం ఇచ్చే అర్జీలో, మన దేశంలో జైల్లో ఉన్న మా అన్న చనిపోయాడని రాశారు. అక్కడున్న అమ్మ మీతో ఫోన్లో అన్నది, "పోలీసులొచ్చిన రోజే మావాడు పోయాడు బావగారూ" అని. పోయాడంటే వాళ్ళ వెంట వెళ్ళాడని. మొన్ననే వాడి మాసిన చొక్కా ఉతకమని జైలు నుంచి అమ్మకు వచ్చింది.

నేనది చెబితే, "చావంటేనే వీళ్ళు కదులుతారమ్మా, ఒక్క మాటేగా" అన్నారు మీరు. నిజమే, ఒక్క మాటే. కానీ చనిపోయాడని ఇంత పెద్ద సభ ఒప్పుకున్నాక, అన్నను నిజంగా చంపడానికి అక్కడి ప్రభుత్వానికి అడ్డేముంది?

ఆ మాట కొట్టేసి "ఉన్నాడు" అని రాయండి. మీరు వచ్చేదాకా ఆఫీసు మెట్ల మీదే కూర్చుంటాను.

మీ తమ్ముడి కూతురు