తొమ్మిదో పడుగు

12 జూన్ 1955, ఆదివారం

యమునాబాయి కబురు పెట్టింది. కోడలు సరోజకు తొమ్మిదో పడుగు కూడా దిగిందట, నొప్పుల జాడ లేదట.

మా నేతగాళ్ల సాఖర్ పేటలో నెలలు లెక్కపెట్టరు. మగ్గం మీద ఒక పడుగు ఎక్కి, నేత పూర్తయి దిగితే నెల. తొమ్మిది దిగితే మంత్రసానిని పిలుస్తారు. ఆ మంత్రసానిని నేనే. క్యాలెండర్లున్న ఇళ్లూ ఉన్నాయి, దేవుడి బొమ్మ కోసం. నేను చదువు నేర్చింది నూలు కట్టలకు చుట్టివచ్చే చిరుగు పేపర్ల మీద. సగం వార్తలు చదివీ చదివీ ఏ కథా తిన్నగా చెప్పే అలవాటు లేకుండా పోయింది.

సరోజ కడుపు మీద చెయ్యి వేశాను. చిన్నగా ఉంది. బిడ్డ తల ఇంకా పైనే ఉంది. తొలిచూలు, ఆగుదాం అన్నాను. మా ఇంట్ల పదో పడుగు దాంక ఎవ్వరు మొయ్యలే పోచక్కా అంది యమునాబాయి. ఇప్పుడు మోస్తోంది కదా అన్నాను. నా పనిలో ముప్పాతిక ఊరికే కూర్చోవడమే. దానికి ఎవరూ మెచ్చుకోరు.

14 జూన్

బిడ్డ కడుపులోనే ఎండిపోతోందని వాడలో పుకారు. కంపౌండర్ దత్తాత్రి ఒక్క ఇంజెక్షన్‌తో రెండు గంటల్లో కాన్పు చేస్తానన్నాడట. అతని చేతికి వాచీ ఉంది. ఆడవాళ్లకు దాని మీద గురి.

15 జూన్

నా చెయ్యి ఒకటి చెబుతోంది, నా లెక్క ఇంకొకటి.

16 జూన్, సాయంత్రం

సరోజ మొగుడు శంకర్ పవర్‌లూమ్ మీద కొత్త పడుగు ఎక్కిస్తున్నాడు. పాతది ఎప్పుడు ఎక్కించావని ఊరికే అడిగాను. ఎక్కించిన ఇరవై రోజులకే దిగింది పెద్దమ్మా, కరెంటు మగ్గం గద, నీ లెక్క కూసుంటదా అన్నాడు. నవ్వాను. వీధి మలుపు దగ్గర ఆగి వేళ్ల మీద లెక్కపెట్టాను.

పవర్‌లూమ్ మార్చిలో వచ్చింది, అంతకుముందు చేతిమగ్గం. అప్పటి నుంచి ఆ ఇంట్లో నెలంటే ఇరవై రోజులు. సరోజకు ఎనిమిది నెలలైనా నిండలేదు. తొమ్మిది పడుగులు చూసి పిలవమని చెప్పింది నేను.

వెనక్కి వెళ్లి చెప్పాలి. వెళ్లలేదు. ముప్పై ఎనిమిదేళ్లలో నా లెక్క తప్పిందని ఎవరూ అనలేదు. నొప్పులు లేవు కదా, రేపు పొద్దున చెప్పొచ్చు అనుకున్నాను.

17 జూన్

పొద్దున వెళ్లేసరికి వాకిట్లో దత్తాత్రి సైకిల్. సూది వేసి గంటైంది.

తనంతట తాను వచ్చే నొప్పి వచ్చి పోతుంది, ఆడదానికి ఊపిరి తీసుకునే తెరిపి ఇస్తుంది. ఈ సూది నొప్పి ఇవ్వడం లేదు. నా లెక్క తప్పింది, దీనికి ఎనిమిది నెలలైనా నిండలేదు అని అందరి ముందూ చెప్పాను. యమునాబాయి సరోజ మొహం వంక చూసింది. దత్తాత్రి రెండో సూది నింపుతున్నాడు. అతనికీ సరోజకూ మధ్యలో కూర్చున్నాను, వెయ్యాలంటే నాకు వెయ్యి అన్నాను. సూది పక్కన పెట్టాడు.

సరోజను లేపి నా మెడ పట్టుకోమన్నాను. గొంతుక్కూర్చోబెట్టాను, ముక్కవద్దు, ఊపిరి వదులు అన్నాను. నెలలు నిండలేదని నేను అత్తమ్మకు చెప్పిన్నే పోచవ్వా, నీకేం ఎర్క అన్నదామె, అంది సరోజ నా చెవిలో. నడుం రుద్దాను.

ఇంకో రెండు గంటలకు ఆడపిల్ల. రెండు అరచేతుల్లో ఇంకా చోటు మిగిలింది. ఏడవలేదు. బొడ్డుతాడులో నాడి కొట్టుకోవడం ఆగాకే కోశాను. తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి ధోవతితో ఇద్దరినీ కలిపి కట్టాను. శంకర్ మగ్గం ఆపేశాడు. చెవి దగ్గర పెడితే ఊపిరి వినిపిస్తోంది.

20 జూన్

పిల్లకు రొమ్ము పీల్చడం రాదు. పిండిన పాలు దూదితో చుక్కచుక్కగా పడుతోంది సరోజ. పిల్ల కళ్లు పచ్చబడ్డాయి.

23 జూన్

మగ్గం మళ్లీ మొదలైంది. ఆ చప్పుడులో పిల్ల ఊపిరి వినిపించదు. సరోజ నా కుడిచేతి వేలు పట్టుకుని పిల్ల ముక్కు కింద పెట్టుకుంది, ఊపిరి తగులుతోందా చూడమని. పొద్దుటి నుంచి వదలడం లేదు. ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను.